పాయింట్ల మీద ఇంజన్ ఆగిపోతుంటే ముందు చూడాల్సింది లైట్లు

మీ ప్రశ్న క్లుప్తంగా ఇదీ: మోడల్ రైళ్ల హెచ్‌ఓ స్కేల్ (అసలు రైలులో సుమారు 87వ వంతు) లేఅవుట్, డీసీసీ (పట్టాల గుండానే ఒక్కో ఇంజనుకు విడిగా డిజిటల్ ఆదేశాలు పంపే పద్ధతి) మీద నడుస్తోంది. ఆరు చక్రాల చిన్న షంటింగ్ ఇంజన్ నెమ్మదిగా వెళ్తే పాయింట్ల (ఒక దారి రెండుగా చీలే చోటు) మీద ఆగిపోతోంది, వేలితో కాస్త తోస్తే మళ్లీ కదులుతోంది. పెద్ద డీజిల్ ఇంజన్ అవే పాయింట్లను హాయిగా దాటుతోంది కానీ, ఒక్కచోట మాత్రం అది వెళ్తుంటే లేఅవుట్ మొత్తం ఒక్క క్షణం ఆగి మళ్లీ మొదలవుతోంది. పట్టాలు ఎన్నిసార్లు తుడిచినా తేడా లేదు. ఇప్పుడు ఇంజనుకు కీప్ అలైవ్ కెపాసిటర్ (కరెంటు రెప్పపాటు పోయినా ఇంజనును నడిపించేది) పెట్టించాలా, లేక పాయింట్లన్నీ మార్చేయాలా అని అడుగుతున్నారు.

రెండూ ఇప్పుడే వద్దు. మీరు చెప్పినదాంట్లో రెండు వేరువేరు లోపాలు కలిసిపోయి ఉన్నాయి. చిన్న ఇంజనుకు కరెంటు అందడం లేదు. పెద్ద ఇంజన్ రెండు పట్టాల కరెంటును ఎక్కడో కలిపేస్తోంది, అంటే షార్ట్. ఒకదానికి చేసే వైద్యం ఇంకోదానికి పనికిరాదు. ఇంజన్ ఆగిందంటే మురికే కారణమని తేల్చేసి చాలామంది పట్టాలు రుద్దుతూ కూర్చుంటారు. షార్ట్ రుద్దితే పోదు కదా.

ఏది ఏ లోపమో తేల్చుకోవడానికి మీటరు కూడా అక్కర్లేదు. హెడ్‌లైటు వేసి ఉంచిన ఇంకో ఇంజనును అదే సెక్షన్‌లో (ఒకే వైర్ల నుంచి కరెంటు వచ్చే భాగంలో), పాయింట్లకు దూరంగా నిలబెట్టండి. ఇప్పుడు ఇబ్బంది పెడుతున్న ఇంజనును నడపండి. అది ఆగినప్పుడు దాని లైటు ఒక్కటే ఆరిపోయి, నిలబడి ఉన్నదాని లైటు వెలుగుతూనే ఉంటే కరెంటు అందడం లేదన్నమాట. రెండు లైట్లూ ఒకేసారి ఆరిపోతే షార్ట్. ఆగిన ఇంజన్ లైటు వెలుగుతూనే ఉండి, మోటారు మూలుగుతూ చక్రాలు అక్కడే తిరుగుతుంటే అది కరెంటు గొడవే కాదు, కింద ఏదో తగులుతోంది. డీసీ (పట్టాల వోల్టేజినే పెంచి తగ్గించి వేగం మార్చే పాత పద్ధతి) కంట్రోలర్ వాడేవాళ్లకు ఈ రెండో ఇంజన్ ఉపాయం అంత వీలుగా ఉండదు, వాళ్లు కంట్రోలర్ మీద ఓవర్‌లోడ్ దీపం వెలుగుతోందా అని చూస్తే చాలు.

తర్వాత పని, ఇంజన్ సరిగ్గా ఎక్కడ ఆగుతోందో గుర్తుపెట్టడం. ‘పాయింట్ల మీద’ అంటే సరిపోదు. దాన్ని వీలైనంత నెమ్మదిగా నడిపించి, ఆగిన క్షణంలో చేయి పెట్టకుండా కిందికి వంగి చూడండి. ముందు చక్రం ఏ లోహం మీద ఉంది, చివరి చక్రం దేని మీద ఉంది? స్లీపర్ మీద పెన్సిల్‌తో చిన్న గీత పెట్టండి. ఎదురుగా (దారి చీలే వైపు నుంచి) వచ్చినప్పుడు, వెనక నుంచి (రెండు దారులు కలిసే వైపుగా) వచ్చినప్పుడు, నేరు దారిలో, పక్క దారిలో ఇలా నాలుగు రకాలుగానూ చూడాలి. ఆ తర్వాత ఇంజనును చేత్తో ఎత్తి, ముందు వెనక మార్చి పెట్టి, అదే దారిలో మళ్లీ నడపండి. ఈ ఆఖరి పరీక్షను దాదాపు ఎవరూ చేయరు. చేస్తే మాత్రం సగం సందేహాలు అక్కడే తీరిపోతాయి. ఎందుకో కింద చెప్తాను.

పేర్ల దగ్గర గందరగోళం లేకుండా ఒక మాట. బయటి రెండు పట్టాలు స్టాక్ పట్టాలు. అటూ ఇటూ కదిలేవి బ్లేడ్లు. రెండు దారులు ఒకదాన్నొకటి దాటే ‘వి’ ఆకారపు భాగం ఫ్రాగ్. బ్లేడ్లకూ ఫ్రాగ్‌కూ మధ్య ఉండేవి క్లోజర్ పట్టాలు. స్టాక్ పట్టాలకు కరెంటు ఎప్పుడూ ఉంటుంది, గొడవంతా లోపలి వాటితోనే. ఫ్రాగ్ ప్లాస్టిక్‌ది అయితే, లేదా లోహమే అయినా దానికి వైరు కలపకపోతే, అక్కడ కరెంటు ఉండదు. మోడల్ పట్టాలు తయారుచేసే పెకో వాళ్ల ఇన్సల్‌ఫ్రాగ్ ప్లాస్టిక్ రకం. ఎలక్ట్రోఫ్రాగ్‌లో ఫ్రాగ్ మొత్తం లోహం, దానికి కరెంటు ఉంటుంది. యూనిఫ్రాగ్‌లో చిన్న లోహపు ముక్క విడిగా ఉండి, కింద వైరు వేలాడుతూ వస్తుంది. కలిపితే కరెంటు ఉంటుంది, వదిలేస్తే ఉండదు. మీ దగ్గర ఉన్నవి ఏ రకమో ముందు చూసుకోండి, ఎందుకంటే సలహా దాన్ని బట్టి మారిపోతుంది.

ఇక చిన్న ఇంజన్ సంగతి. ఫ్రాగ్‌లో కరెంటు లేని భాగం ఎంత పొడవుందో స్కేలుతో కొలవండి. ఇంజనులో కరెంటు తీసుకునే మొదటి ఇరుసుకూ చివరి ఇరుసుకూ మధ్య దూరం కూడా కొలవండి. ఇంజన్ దూరం తక్కువైతే అది అక్కడ ఆగక తప్పదు, ఫ్రాగ్‌కు కరెంటు ఇవ్వాల్సిందే. కానీ హెచ్‌ఓ షంటర్లలో మామూలుగా ఇంజన్ దూరమే ఎక్కువ వస్తుంది. అంటే మధ్య చక్రం ఫ్రాగ్ మీద ఉన్నప్పుడు ముందుదో వెనకదో ఒకటి కరెంటున్న పట్టా మీదే ఉంటుంది. అయినా ఆగుతోందంటే, పట్టా మీద ఉన్న ఆ చక్రం పని చేయడం లేదన్నమాట. తప్పు పాయింట్లది కాదు, ఇంజనుది. పాయింట్లు దాన్ని బయటపెట్టాయి, అంతే.

ఆ చక్రం ఎందుకు పని చేయదు? మొదట చూడాల్సింది రబ్బరు టైరు. లాగే బలం పెంచడానికి చాలా చిన్న ఇంజన్లకు ఒకటి రెండు చక్రాలకు రబ్బరు టైర్లు వేస్తారు. రబ్బరు వేసిన చక్రం కరెంటు తీసుకోదు. అది ఫ్రాగ్ వైపు పడినప్పుడు ఆ పక్కన కరెంటు తీసుకునే చక్రాలు రెండే మిగులుతాయి. ఇంజనును ముందు వెనక మార్చి పెట్టమన్నది ఇందుకే. ఒక వైపు తిరిగి ఉన్నప్పుడు ఆగి, రెండో వైపు తిరిగితే ఆగకపోతే లోపం ఇంజనులో ఒక పక్కనే ఉంది. అది టైరైనా కావచ్చు, ఆ పక్క ఏదైనా చక్రానికి కరెంటు అందకపోవడమైనా కావచ్చు.

అందుకే చక్రాలను ఒక్కొక్కటిగా పరీక్షించాలి. మెత్తటి స్పాంజి మీద ఇంజనును తలకిందులుగా పడుకోబెట్టండి. పట్టాల నుంచి రెండు వైర్లు తీసుకుని, థ్రాటిల్ మీద కొంచెం వేగం పెట్టి, ఎడమ పక్క ఒక చక్రానికి ఒక వైరు, కుడి పక్క ఒక చక్రానికి ఇంకో వైరు ఆనించండి. మోటారు తిరగాలి. ఇప్పుడు ఎడమ వైరును అక్కడే ఉంచి, కుడి పక్క చక్రాలను వరసగా ముట్టుకుంటూ పోండి. తర్వాత అటు నుంచి ఇటు. ఏ చక్రం దగ్గర మోటారు ఆగుతుందో, తడబడుతుందో అదే దొంగ. దాని వెనక వైపు ఆనుకుని ఒక సన్నని కంచు రేకు ఉంటుంది. దాని కొన నల్లబడి ఉంటుంది, లేదా కార్పెట్ నూలు చుట్టుకుని ఉంటుంది, లేదా అసలు చక్రాన్ని ముట్టుకోవడమే లేదు. ఇయర్ బడ్‌ను ఐసోప్రొపైల్ ఆల్కహాల్‌లో ముంచి తుడిచి, ట్వీజర్లతో చక్రం వైపు కొద్దిగా వంచండి. కొద్దిగానే. గట్టిగా వంచితే అదే బ్రేకై కూర్చుంటుంది. నూనె ఎక్కువ వేసిన ఇంజన్లలో ఆ నూనె పాకి ఈ రేకుల మీదికి చేరుతుంది, దుమ్ముతో కలిసి నల్లటి పేస్టులా పేరుకుంటుంది. ఇరుసుకు సూదిమొనంత నూనె చాలు.

రేకులన్నీ బాగున్నా ఆగుతోందంటే చక్రం పట్టాకు ఆనుతోందో లేదో చూడాలి. మూడు ఇరుసులూ ఒకే గట్టి ఫ్రేములో బిగించిన ఇంజన్, ఎగుడుదిగుడు నేల మీద పెట్టిన పీటలా ఊగుతుంది. మధ్య చక్రం ఏదైనా ఎత్తు మీదికి ఎక్కితే ముందుదో వెనకదో గాల్లోకి లేస్తుంది. వెంట్రుకంత లేచినా కరెంటు పోతుంది. ఇంజనును సరిగ్గా ఆగిన చోటే ఉంచి, సన్నని కాగితపు ముక్కను ఒక్కో చక్రం కిందికి దూర్చి మెల్లగా లాగండి. బిగువుగా ఉంటే బరువు ఆనుతున్నట్టు. జారిపోతూ ఉంటే ఆ చక్రం గాల్లో ఉంది. ఇక ఆ ఎత్తు ఎక్కడిదో వెతకాలి. స్టీలు స్కేలును పట్టాల మీద నిలువుగా పెట్టి వెనక నుంచి టార్చి వేస్తే ఎక్కడ వెలుతురు కనిపిస్తుందో అక్కడ పల్లం. ప్లాస్టిక్ ఫ్రాగ్ కొన్నిసార్లు పట్టాల కంటే కొంచెం పైకి ఉంటుంది, సన్నని ఆకురాయితో మట్టం చేయొచ్చు. పాత ఇంజన్లకు లోతైన ఫ్లాంజులు (చక్రాన్ని పట్టా మీద నిలిపే లోపలి అంచులు) ఉంటాయి, అవి ఫ్రాగ్ గాడి అడుగుకు తగిలి ఇంజనునే పైకి లేపేస్తాయి. అలాంటివాటికి గాడినైనా లోతు చేయాలి, చక్రాలైనా మార్చాలి.

ఇక్కడే ఇంకోటి. పాయింట్లను బోర్డుకు మేకుతో కొట్టారా, మరతో బిగించారా? స్లీపర్ మధ్య రంధ్రంలో మేకు గట్టిగా దిగగొడితే స్లీపర్ మధ్యలో కుంగి, రెండు పట్టాలూ లోపలికి వాలతాయి, గేజి (పట్టాల మధ్య దూరం) తగ్గుతుంది. బయటికి ఏమీ తెలియదు. మేకును కొంచెం పైకి లాగగానే జబ్బు నయమైన పాయింట్లు చాలా ఉంటాయి. ఖర్చు లేని పని, ముందే చేసేయండి.

ఇంజన్ తప్పు లేదని తేలితే అప్పుడు మల్టీమీటర్ తీయండి. ఏసీ వోల్ట్ రేంజిలో పెట్టి, ఒక ప్రోబ్‌ను ఎదుటి స్టాక్ పట్టాకు ఆనించి, రెండోదాన్ని వరసగా ఈ పక్క స్టాక్ పట్టా, మూసుకుని ఉన్న బ్లేడ్, క్లోజర్ పట్టా, ఫ్రాగ్, దాని తర్వాతి పట్టా మీద పెడుతూ వెళ్లండి. డీసీసీ తరంగం చదరంగా ఉంటుంది కాబట్టి మామూలు మీటరు చూపే అంకె ఖచ్చితం కాదు. అంకెను పట్టించుకోకండి, ఎక్కడ అది పడిపోతుందో చూడండి. బ్లేడ్ రెండు వైపులా వేసి రెండుసార్లు చూడాలి.

మీటరుతో ఒక చిక్కుంది. దాని గుండా పారే కరెంటు దాదాపు ఏమీ ఉండదు, అందుకని మురికి పట్టిన అతుకు దగ్గర కూడా నిండు వోల్టేజి చూపిస్తుంది. ఇంజన్ ఎక్కగానే అదే అతుకు చేతులెత్తేస్తుంది. అందుకే ప్రోబ్‌లకు సమాంతరంగా 12 వోల్టుల చిన్న బల్బు ఒకటి, 5 వాట్లది చాలు, కలిపి చూడండి. బల్బు వెలుగుతున్నప్పుడు కూడా అంకె నిలబడితేనే ఆ దారి బాగున్నట్టు. డీసీసీ వోల్టేజి 12 కంటే ఎక్కువే ఉంటుంది కాబట్టి బల్బును ఎక్కువసేపు పట్టుకోకండి.

ఈ పరీక్షలో మామూలుగా దొరికిపోయేవి రెండు చోట్లు. ఒకటి బ్లేడ్ మొన. చాలా పాయింట్లలో బ్లేడ్ వెళ్లి స్టాక్ పట్టాను ముట్టుకోవడం వల్లే దానికి కరెంటు వస్తుంది. అక్కడ రంగో, కంకరకు వేసిన జిగురో ఒక పొర పడితే చాలు. రెండోది బ్లేడ్ తిరిగే కీలు. వీటిని తుడిస్తే కొన్నాళ్లు పని చేస్తాయి, మళ్లీ మొదటికొస్తాయి. నా సలహా, తుడవడం మీద ఆధారపడొద్దు. ప్రతి క్లోజర్ పట్టాకూ దాని పక్కనున్న స్టాక్ పట్టాకూ మధ్య కింద నుంచి సన్నని వైరు సోల్డర్ చేసేయండి. ఫ్రాగ్‌కు కరెంటు ఉండే రకమైతే దానికంటే ముందు క్లోజర్ పట్టాలనూ ఫ్రాగ్‌నూ విడదీయాలి, లేకపోతే నేరుగా షార్టే. పెకో ఎలక్ట్రోఫ్రాగ్‌లో చాలావాటికి అడుగున దీనికోసమే తీసేయగల వైరు లంకెలు ఉంటాయి. పట్టాలను కలిపే జాయినర్లు కూడా కాలం గడిచేకొద్దీ వదులవుతాయి. పాయింట్లకు మూడు చివరల్లోనూ కరెంటు తెచ్చే ఫీడర్ వైర్లు ఉండాలని నేను పట్టుబట్టేది అందుకే.

ఫ్రాగ్‌కు కరెంటు ఇవ్వడం అంటే భయపడతారు కానీ మూడే వైర్లు. ఫ్రాగ్ వైరు మార్పు స్విచ్ మధ్య కాలుకు, రెండు స్టాక్ పట్టాల వైర్లు అటూ ఇటూ ఉన్న కాళ్లకు. పాయింట్లు మారినప్పుడల్లా స్విచ్ కూడా మారాలి. పాయింట్ మోటారుకే ఆ స్విచ్ ఉంటే మంచిది, లేదంటే ఫ్రాగ్ పోలారిటీని (అది ఏ పట్టా కరెంటుతో కలవాలన్నదాన్ని) తానే మార్చుకునే చిన్న బోర్డులు డీసీసీకి దొరుకుతాయి. ఎలక్ట్రోఫ్రాగ్ అయితే ఫ్రాగ్ దాటిన తర్వాత లోపలి రెండు పట్టాలకూ ప్లాస్టిక్ జాయినర్లు తప్పనిసరి. తప్పు చేస్తే లక్షణాలే చెప్పేస్తాయి. రెండు దారుల్లోనూ ఇంజన్ ఫ్రాగ్‌ను ముట్టుకోగానే షార్ట్ అయితే బయటి రెండు వైర్లూ తారుమారయ్యాయి, వాటిని మార్చండి. ఒక్క దారిలోనే షార్ట్ అయితే స్విచ్ పూర్తిగా మారడం లేదు. ఇంజన్ లేకపోయినా పాయింట్లు మార్చగానే షార్ట్ అయితే ప్లాస్టిక్ జాయినర్లు మర్చిపోయారు, లేదా లంకెలు తీయలేదు. వెనక నుంచి, పాయింట్లు ఇంకో దారికి వేసి ఉండగా ఇంజన్ వచ్చినా షార్ట్ అవుతుంది. అది లోపం కాదు, అలా నడపకూడదు.

ఇప్పుడు మీ పెద్ద డీజిల్. లేఅవుట్ మొత్తం ఒకేసారి ఆగిపోతోంది కాబట్టి షార్టే అని నాకు అనుమానం లేదు. ఒక్కచోటే జరుగుతోంది కాబట్టి అనుమానించాల్సినవి కొన్నే ఉన్నాయి.

ప్లాస్టిక్ ఫ్రాగ్ అయితే ‘వి’ దగ్గరికి వచ్చే రెండు పట్టాలు ఎదురెదురు పోలారిటీలో, ఒకదానికొకటి చాలా దగ్గరగా ఉంటాయి. వెడల్పాటి చక్రం అక్కడ రెండింటినీ ఒకేసారి తొక్కుతుంది. రెప్పపాటు షార్ట్. ఇది నిజమో కాదో తేల్చడానికి చవకైన పరీక్ష, ఆ రెండు పట్టాల తలల మీద కొన్ని మిల్లీమీటర్ల మేర పారదర్శక నెయిల్ పాలిష్ పూయడం. ఆరాక నడపండి. షార్ట్ మాయమైతే చోటు దొరికినట్టే. పాలిష్ అరిగిపోతుంది కాబట్టి దాన్ని మందుగా లెక్కపెట్టకండి, అయినా అప్పుడప్పుడూ పూస్తూ ఏళ్ల తరబడి నెట్టుకొచ్చేవాళ్లూ ఉన్నారు. శాశ్వతంగా కావాలంటే అక్కడ ఖాళీని కొంచెం పెంచి ఎపాక్సీతో నింపాలి.

నెయిల్ పాలిష్‌తో పోకపోతే తెరిచి ఉన్న బ్లేడ్ వైపు చూడండి. రెండు బ్లేడ్లూ, ఫ్రాగూ ఒకే పోలారిటీలో ఉండే పాయింట్లలో, తెరిచి ఉన్న బ్లేడ్‌కూ దాని పక్క స్టాక్ పట్టాకూ ఎదురెదురు పోలారిటీ ఉంటుంది. ఇంజన్ చక్రాలు ఇరుసు మీద లోపలికి జరిగి ఉంటే చక్రం వెనక భాగం ఆ బ్లేడ్‌కు రాసుకుంటుంది. పరీక్ష సులభం: హెచ్‌ఓ చక్రాల వెనక నుంచి వెనకకు ఉన్న దూరాన్ని వెర్నియర్ కాలిపర్‌తో కొలవండి. 14.4 మిల్లీమీటర్ల చుట్టుపక్కల ఉండాలి. ఎన్‌ఎమ్‌ఆర్‌ఏ (అమెరికాలోని మోడల్ రైళ్ల సంఘం) గేజి పలక ఉంటే ఇంకా మంచిది, చక్రాలూ గాడీ పాయింట్లూ అన్నీ దానితోనే చూసుకోవచ్చు. ఈ అభిరుచిలో కొనాల్సిన మొదటి పనిముట్టు అదే అని నా అభిప్రాయం. డీజిల్ ఇంజన్ చక్రాలను ఇరుసు మీద మెల్లగా తిప్పుతూ బయటికి జరపొచ్చు. కనెక్టింగ్ రాడ్లు ఉన్న స్టీమ్ ఇంజన్ చక్రాలను మాత్రం అలా తిప్పకండి, రెండు పక్కల రాడ్ల మధ్య కోణం తప్పిందంటే ఇంజన్ కుంటుతుంది.

మూడోది చాలామందికి తట్టదు, కప్లర్ కింద వేలాడే వంకర స్టీలు తీగ. అయస్కాంతంతో కప్లర్ విప్పడానికి పెట్టినది. అది కిందికి వంగి ఉంటే పాయింట్ల మీద అడ్డంగా వెళ్లే పట్టాలను ముట్టుకుంటుంది. కప్లర్ లోహపుదైతే షార్ట్, ప్లాస్టిక్‌దైతే తట్టుకుని ఇంజన్ ఉలిక్కిపడుతుంది. శ్రావణంతో కొంచెం పైకి వంచితే సరి.

‘డీసీ మీద ఉన్నప్పుడు ఇదే ఇంజన్ ఇవే పాయింట్ల మీద బాగానే వెళ్లేది’ అని కూడా రాశారు. షార్ట్ అప్పుడూ ఉంది. డీసీ కంట్రోలర్‌లోని బ్రేకర్ వేడెక్కి తెగడానికి సమయం తీసుకుంటుంది, ఆలోపు చక్రం దాటిపోయేది. పట్టాలకు కరెంటు ఇచ్చే డీసీసీ బూస్టర్ సెకనులో చిన్న భాగంలోనే కరెంటు కోసేస్తుంది. చోటు ఇంకా దొరక్కపోతే ఆ సెక్షన్‌కు వెళ్లే ఒక వైరులో 12 వోల్టుల 21 వాట్ల కారు బ్రేక్ లైటు బల్బును వరసలో కలపండి. షార్ట్ అయినప్పుడు బూస్టర్ ఆగిపోయే బదులు బల్బు భగ్గున వెలుగుతుంది, కరెంటు సుమారు 2 ఆంపియర్ల దగ్గర ఆగుతుంది. ఇంజనును చేత్తో అంగుళం అంగుళం జరుపుతూ బల్బు వెలిగిన చోట ఆపి, భూతద్దంతో కింద ఏది దేన్ని ముట్టుకుంటోందో తీరిగ్గా చూడొచ్చు. బల్బు బాగా వేడెక్కుతుంది, ప్లాస్టిక్‌కు దూరంగా పెట్టండి.

తుడవడం గురించి రెండు మాటలే. గరుకు కాగితం వాడొద్దు, అది గీసిన గీతల్లోనే మళ్లీ మురికి చేరుతుంది. చక్రాలకు, ఆల్కహాల్‌లో తడిపిన పేపర్ టవల్‌ను పట్టాల మీద పరిచి, ఇంజన్ ఒక చివర చక్రాలు దాని మీద, ఇంకో చివరవి పట్టాల మీద ఉండేలా ఇంజనును పట్టుకుని తిరగనివ్వండి. కాగితం మీద పడే నల్లటి చారలు ఆగిపోయేదాకా చేస్తే చాలు. మీ ఆరు చక్రాల ఇంజనుకు ఇది కష్టం, దాన్ని తలకిందులుగా పెట్టి, వైర్లతో తిప్పుతూ ఇయర్ బడ్‌తో తుడవండి.

కీప్ అలైవ్ మీద నాకు కోపమేమీ లేదు. పొట్టి ఇంజనుకు అది నిజంగా మేలు చేస్తుంది. కానీ షార్ట్‌ను అది పోగొట్టలేదు, ఆ సెక్షన్‌లోని మిగతా ఇంజన్లు ఎలాగూ ఆగుతాయి. లోపాలున్న ఇంజనుకు పెడితే వాటిని కప్పిపుచ్చుతుంది, కెపాసిటర్ ఖాళీ అయిన రోజు అన్నీ ఒకేసారి బయటపడతాయి. పెట్టాక ప్రోగ్రామింగ్ ట్రాక్ (సెట్టింగులు మార్చడానికి విడిగా ఉంచే పట్టా) మీద సీవీలు, అంటే అంకెల రూపంలోని సెట్టింగులు, చదవడానికి కొన్ని డీకోడర్లు (ఇంజనులో ఆదేశాలు అందుకునే చిప్‌లు) మొరాయిస్తాయి. పట్టాల్లో కరెంటు కట్ చేసినా ఇంజన్ ఇంకాసేపు నడుస్తుందని కూడా గుర్తుంచుకోండి, ముఖ్యంగా లేఅవుట్ అంచు దగ్గర పట్టా ఉంటే.

దానికి ముందు ఒక్క పైసా ఖర్చు లేనిది ఒకటి ఉంది. చిన్న ఇంజన్ సీవీ29 చదవండి. డీసీ మీద కూడా నడిచే అనుమతి అందులో 4 విలువగా ఉంటుంది. కరెంటు రెప్పపాటు పోయి వచ్చినప్పుడు కొన్ని డీకోడర్లు డీసీ మీద ఉన్నామని పొరబడి, ఆగిపోవడమో ఉన్నట్టుండి పరుగెత్తడమో చేస్తాయి. మీరు ఇక డీసీకి తిరిగి వెళ్లరు కాబట్టి 6 ఉంటే 2 చేయండి. వేరే అంకె ఉంటే, డీసీ అనుమతి వేసి ఉందని ఖాయం చేసుకున్నాకే అందులోంచి 4 తీసేయండి. తర్వాత పెన్సిల్ గీతలు పెట్టిన ఫోటో, పాయింట్లు ఏ రకమో, ఇంజన్ తిప్పి పెట్టినప్పుడు ఏం జరిగిందో రాయండి, ఫ్రాగ్ వైరింగ్ అవసరమా కాదా అప్పుడు చెప్తాను.